సెల్ లోపల ఏమున్నది? – మన కళాశాల చెప్పవలసిన పాఠం

నేటి విద్యార్థి జేబులో పుస్తకం లేకపోవచ్చు, కలం లేకపోవచ్చు. కాని బ్యాటరీ లేని జేబు లేదనుట అతిశయోక్తి కాదు. దాని వెల అతనికి తెలుసు. అందులో ఎంత శాతం శక్తి మిగిలి ఉన్నదో గంటకొకసారి చూసుకుంటాడు. కాని దాని లోపల ఏమున్నదని అడిగితే, పైన ముద్రించిన "లిథియం పాలిమర్" అనే రెండు మాటలు చదివి ఊరుకుంటాడు. పేరు చదవడం వేరు, వస్తువును ఎరుగడం వేరు. ఈ సెల్ లోపలి నిర్మాణాన్ని మన కళాశాల తెలుగులోనూ ఉర్దూలోనూ పాఠంగా చెప్పాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇది విజ్ఞాన కుతూహలం కోసం మాత్రమే చేస్తున్న సూచన కాదు. బ్రతుకుతెరువు కోసం, అంతకు మించి ప్రాణరక్షణ కోసం చేస్తున్న సూచన.

బ్యాటరీ అనగానే మన ప్రాంతం పేరు తలచుకోవలసిన రోజులివి. 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమర రాజా సంస్థ తిరుపతి చెంతనున్న కరకంబాడి కేంద్రంగా పెరిగి, సీసం–ఆమ్లం బ్యాటరీల తయారీలో దేశంలోని అగ్రశ్రేణి సంస్థలలో ఒకటైనది. అదే సంస్థ 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లి వద్ద పదేండ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో లిథియం సెల్ కర్మాగారాన్ని నెలకొల్పగలమని ప్రకటించి, 2023 మే నెలలో శంకుస్థాపన జరిపింది. దీనికి ముందే, 2022 సెప్టెంబరు 16వ తేదీన, తిరుపతిలో దేశపు తొలి లిథియం సెల్ కర్మాగారంగా కేంద్ర ప్రభుత్వం పేర్కొన్న మునోత్ ఇండస్ట్రీస్ వారి కర్మాగారంలో ఉత్పత్తికి ముందు జరిపే ప్రయోగదశను అప్పటి కేంద్ర సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రారంభించారు. 165 కోట్ల రూపాయల వ్యయంతో చెన్నైకి చెందిన ఆ సంస్థ దానిని నిర్మించింది. దినానికి 10 ఆంపియర్ అవర్ సామర్థ్యం గల 20,000 సెల్‌లను చేయగల శక్తి దానికున్నదనీ, ఏడాది సామర్థ్యం 270 మెగావాట్ అవర్లనీ ఆనాడు ప్రకటించారు.

ఈ అంకెలను మన విద్యార్థులు వార్తగా చదివి వదిలేయరాదు. లెక్కగా చేసి చూడవలెను. ఒక లిథియం సెల్ సగటు వోల్టేజి 3.7. దానిని 10 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 37 వాట్ అవర్లు. 20,000 సెల్‌లకు 7,40,000 వాట్ అవర్లు. 365 దినాలకు సుమారు 270 మెగావాట్ అవర్లు. ప్రకటన సరిపోయినది! పవర్ బ్యాంకుల మీద 10,000 అని కనిపించే అంకె ఈ 10 ఆంపియర్ అవర్లకే మరో రూపం. హజ్, ఉమ్రా యాత్రలకు విమానమెక్కే మన పెద్దలను పవర్ బ్యాంకును లోపల వేసే పెట్టెలో పెట్టవద్దనీ, చేతిసంచిలోనే ఉంచుకోవలెననీ సిబ్బంది కోరడం వెనుకనున్న కారణం కూడా ఈ 37 వాట్ అవర్ల శక్తియే. సామాను గదిలో నిప్పు పుడితే చూసేవారుండరు. చేతిసంచిలో పుడితే చూడగలరు, ఆర్పగలరు.

ఇక పేరు విషయం. "పాలిమర్" అన్న మాట వినగానే ఇది పూర్తిగా ప్లాస్టిక్‌తో చేసిన ఏదో కొత్త జాతి బ్యాటరీ అని చాలామంది భ్రమపడతారు. ఆ పేరుకొక చరిత్ర ఉన్నది. 1973లో పీటర్ రైట్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ అనే పాలిమర్‌లో లవణాన్ని కలిపితే ఆ ఘనపదార్థం గుండా అయాన్లు ప్రయాణించగలవని కనుగొన్నాడు. 1978లో ఫ్రాన్స్ దేశీయుడు మిషెల్ ఆర్మాండ్ దానిని బ్యాటరీలో వాడవచ్చునని ప్రతిపాదించాడు. ద్రవమే లేని బ్యాటరీ అన్నది వారి స్వప్నం. కాని మామూలు గది వేడిమిలో అయాన్లు ఆ ఘన పాలిమర్ గుండా మిక్కిలి నెమ్మదిగా నడుస్తాయి. కాబట్టి 1990ల మధ్యకాలంలో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలవారు మధ్యేమార్గం కనిపెట్టారు. పాలిమర్‌ను ద్రవంతో నానబెట్టి జున్నువంటి ముద్దగా మార్చి వాడారు. నేడు మన ఫోన్లలో "లిథియం పాలిమర్" పేరుతో ఉన్న సెల్‌లలో అత్యధికం లోపల ద్రవమో, ఇట్టి ముద్దయో ఉన్న సాధారణ లిథియం అయాన్ సెల్‌లే. తేడా అంతా ప్రధానంగా పైతొడుగులో ఉన్నది. ఉక్కు డబ్బాకు బదులు మెత్తని సంచి. కాబట్టి "పాలిమర్ గనుక ప్రమాదం లేదు" అని ఎవరైనా అంటే నమ్మరాదు. పేరులోని పాలిమర్ నిప్పును ఆపదు.

ఆ సంచిని కోయకుండానే లోపలికి తొంగిచూద్దాం. పాఠకులు కొంచెం ఓపిక పట్టవలెను. తరువాతి వాదమంతా ఈ వర్ణన మీదనే ఆధారపడి ఉన్నది.

లోపల రెండు లోహపు రేకులున్నవి. ఒకటి రాగిరేకు, రెండవది అల్యూమినియం రేకు. రాగిరేకు మందం సుమారు 6 నుండి 10 మైక్రాన్లు. అల్యూమినియం రేకు అంతకంటె కొంచెం మందం. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ భాగం. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని తెలిస్తే ఈ రేకుల పలుచదనం బోధపడుతుంది. రాగిరేకు మీద గ్రాఫైట్ పొడిని, అల్యూమినియం రేకు మీద లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ వంటి పొడిని, బంకతో కలిపి, పెనం మీద దోసెపిండి పరచినట్లు సమంగా పరచి, ఆరబెట్టి, బరువైన రోలర్ల మధ్య నొక్కుతారు. రాగి వైపు ఋణధ్రువం, అల్యూమినియం వైపు ధనధ్రువం.

ఒకవైపు రాగి, మరొకవైపు అల్యూమినియం ఎందుకు? రెండు వైపులా చౌకైన అల్యూమినియమే వాడరాదా? మన రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటె మంచి పరీక్షా ప్రశ్న ఉండదు. ఋణధ్రువం వద్ద ఉండే తక్కువ వోల్టేజిలో అల్యూమినియం లిథియంతో కలిసి మిశ్రమలోహమై, పొడిపొడిగా రాలిపోతుంది. ధనధ్రువం వద్ద ఉండే ఎక్కువ వోల్టేజిలో రాగి కరిగిపోతుంది. ఎవరి చోట వారుంటేనే ఇల్లు నిలుస్తుంది. సెల్‌ను పూర్తిగా ఎండగట్టి నెలల తరబడి మూలన పడవేస్తే ఋణధ్రువం వద్ద కూడా ఆ రాగి కొంత కరగవచ్చు. తిరిగి చార్జి చేసినప్పుడు కరిగిన రాగి తీగలు తీగలుగా పేరుకుని రెండు వైపులనూ కలుపవచ్చు. పాత ఫోన్‌ను చాలాకాలానికి బయటికి తీసి చార్జి పెట్టేటప్పుడు జాగ్రత్త వహించవలెననుటకు కారణమిదే.

ఈ రెండు రేకుల నడుమ సెపరేటర్ అనే అడ్డుపొర ఉన్నది. సన్నని రంధ్రాలు గల పాలీ ఇథిలీన్ లేదా పాలీ ప్రొపిలీన్ పొర అది. మందం 10 నుండి 20 మైక్రాన్ల మేరకు. అనగా వెంట్రుకలో నాలుగవ వంతు. లిథియం అయాన్లు దాని రంధ్రాల గుండా అటూ ఇటూ పోగలవు. ఎలక్ట్రాన్లు పోలేవు. చార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ధనధ్రువాన్ని వదిలి, ఈ పొరను దాటి, గ్రాఫైట్ పొరల నడుమ చేరి, ఆరేసి కార్బన్ పరమాణువులకు ఒక్కటి చొప్పున విడిది చేస్తాయి. మనం ఫోన్ వాడేటప్పుడు తిరిగి స్వస్థానానికి వస్తాయి. లోపలి దారి మూసి ఉన్నందున ఎలక్ట్రాన్లు బయటి తీగ చుట్టూ తిరిగి వెళ్లవలసి వస్తుంది. ఆ ప్రయాణమే మన ఫోన్‌లోని వెలుగు. అయాన్ల రాకపోకలకు వాహనమైన ద్రవం, లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కార్బనేట్ జాతి ద్రావకాలలో కలిపినది. ఆ ద్రావకాలు మండే స్వభావం గలవి. ఈ సంగతి జ్ఞాపకముంచుకోవలెను.

ఈ పొరలను అమర్చే పద్ధతులు రెండు. చాప చుట్టినట్లు చుట్టి, నొక్కి, బల్లపరుపుగా చేయడం ఒకటి. రేకులను ముక్కలుగా కోసి, చీర కుచ్చెళ్లవలె మడతలు పడిన సెపరేటర్ నడుమ ఒకదానిపై ఒకటి పేర్చడం మరొకటి. ఏ పద్ధతిలోనైనా ఒక నియమం తప్పరాదు. గ్రాఫైట్ పూసిన రేకు తన ఎదుటి రేకు కంటె అన్ని వైపులా కొంచెం వెడల్పుగా ఉండవలెను. సెపరేటర్ ఆ రెంటికంటె వెడల్పుగా ఉండవలెను. అట్లు లేనిచో, అంచు దాటి వచ్చిన లిథియంకు గ్రాఫైట్‌లో చోటు దొరకక, లోహమై అంచున పేరుకుంటుంది. ఈ వెడల్పుల తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. కాని ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే సెల్ భద్రత ఇమిడి ఉన్నది.

తరువాత ధనధ్రువానికి అల్యూమినియం నాలుకను, ఋణధ్రువానికి నికెల్ నాలుకను అతికి, ఈ కట్టను సంచిలో పెడతారు. ఆ సంచియూ ఒక్క పొర కాదు. బయట నైలాన్, నడుమ అల్యూమినియం, లోపల పాలీ ప్రొపిలీన్. నైలాన్ రాపిడిని తట్టుకుంటుంది; అల్యూమినియం గాలిలోని తేమను రానివ్వదు; పాలీ ప్రొపిలీన్ వేడికి కరిగి అంచులను అతుకుతుంది. తేమ అంటే ఈ సెల్‌కు విషం. ఆ లవణం నీటితో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే మిక్కిలి ప్రమాదకరమైన వాయువు పుడుతుంది. అందుకే సెల్ కట్టే గదులలోని గాలిని ఏ ఎడారిలోనూ కానరానంత పొడిగా ఉంచుతారు.

చివరి అంకం విచిత్రమైనది. ద్రవం పోసి సంచి మూసిన తరువాత తొలిసారి నెమ్మదిగా చార్జి చేస్తారు. అప్పుడు గ్రాఫైట్ మీద అతిసన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. దానితోపాటు కొంత వాయువు కూడా పుడుతుంది. దానికోసమే సంచికి ఒక వైపు అదనపు జేబు ఉంచుతారు. వాయువు అందులో చేరిన తరువాత దానిని తీసివేసి, ఆ జేబును కోసి, శూన్యంలో మళ్లీ అతుకుతారు. మన చేతికి వచ్చే సెల్ అంటే ఇట్లు ఒకసారి ఊపిరి తీసి మూసివేసినది. ఇక ఆ తరువాత అది ఉబ్బరాదు.

ఈ నిర్మాణం నుండి గ్రహించవలసిన సారాంశం ఒక్కటే. సెల్‌లో శక్తిని దాచేవి రెండు పొడులు. ప్రాణాలు కాపాడేది మాత్రం ఏ శక్తినీ దాచని అడ్డుపొర. ఆ పొరను పలుచన చేసినకొద్దీ అదే సంచిలో మరింత పొడి పట్టుతుంది; ఫోన్ ఎక్కువ గంటలు పనిచేస్తుంది; ప్రకటనలో అంకె పెరుగుతుంది. కాబట్టి లాభానికీ భద్రతకూ నడుమనున్న దూరం కొన్ని మైక్రాన్లు మాత్రమే.

ఇది ఊహ కాదు. 2016 ఆగస్టులో సామ్‌సంగ్ కంపెనీ గెలాక్సీ నోట్ 7 అనే ఫోన్‌ను విడుదల చేసింది. కొన్ని వారాలలోనే అక్కడక్కడా ఆ ఫోన్లు కాలిపోసాగినవి. వెనుకకు తీసుకుని మరొక తయారీదారు సెల్‌లు అమర్చి ఇచ్చారు; అవీ కాలినవి. అక్టోబరులో ఆ ఫోన్‌నే ఆపివేశారు. 2017 జనవరిలో కంపెనీ వెల్లడించిన కారణాలు చూడండి. మొదటి రకం సెల్‌లో సంచి మూల ఇరుకై, ఋణధ్రువపు రేకు ఆ మూలన వంగిపోయింది. రెండవ రకంలో నాలుకను అతికినచోట మిగిలిన లోహపు మొన అడ్డుపొరను చీల్చింది. ప్రపంచ ప్రసిద్ధి గాంచిన కంపెనీ, వేలాది ఇంజనీర్లు; కాని ఒక మూల వంపు, ఒక అతుకు మొన చాలినవి. లోపలి నిర్మాణం తెలియనివానికి ఇది దురదృష్టంగా కనిపిస్తుంది. తెలిసినవానికి ఇది నివారించదగిన లోపంగా కనిపిస్తుంది. విద్యకూ అవిద్యకూ భేదమిదే.

మన ఇండ్ల వద్దకు వద్దాం. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాద్‌లో ఒక ఇంట, కొద్ది దినాలకే విజయవాడలో మరొక ఇంట, చార్జికి పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు మరణించారు. స్కూటర్ బ్యాటరీల ఆకారం, తొడుగు వేరు కావచ్చు. కాని లోపలి రేకులు, అడ్డుపొర, మండే ద్రవం అనే సూత్రం ఒకటే. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం వాహన బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కట్టుదిట్టం చేసింది. కాని ప్రమాణం కర్మాగారం గేటు వరకే కాపలా కాయగలదు. ఆ తరువాత బ్యాటరీ మన చేతిలో, మన రేణిగుంట ఎండలో, మన మరమ్మతు దుకాణంలో ఉంటుంది.

ఆ మరమ్మతు దుకాణమే ఈ వ్యాసానికి ముఖ్యవిషయం. చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, తిరుపతి – ఏ ఊరి బజారులో చూసినా సెల్‌ఫోన్ బాగుచేసే చిన్న దుకాణాలున్నవి. వానిలో పనిచేసేవారిలో మన ముస్లిం యువకులు, మన విద్యార్థుల అన్నలు, మధ్యలో చదువు మానిన మన పూర్వ విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఉస్తాద్ వద్ద షాగిర్ద్‌గా చేరి, కళ్లతో చూసి, వేళ్లతో నేర్చిన విద్య వారిది. ఆ వేళ్ల నేర్పును తక్కువగా చూడడం అవివేకం. కాని వేళ్లకు తెలియని కొన్ని సంగతులున్నవి. ఉబ్బిన సెల్‌ను సూదితో పొడిచి, గాలి తీసి, టేపు అంటించి, తిరిగి ఫోన్‌లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల కానవస్తుంది. పైన చెప్పిన నిర్మాణం తెలిసినవాడు ఆ పని చేయగలడా? ఉబ్బిన సంచిలోని వాయువు, లోపలి ద్రవం చెడిపోతున్నదనుటకు సాక్ష్యం. ఉక్కు డబ్బా సెల్‌కు వాయువును వదిలే మూత ఉంటుంది; ఈ సంచికి అట్టి మూత లేదు. ఉబ్బడమే దాని భాష, అదే దాని హెచ్చరిక. సూది మొన 10 మైక్రాన్ల అడ్డుపొరను దాటిన క్షణాన రెండు రేకులు కలుస్తాయి. కలిసినచోట వేడి పుడుతుంది. పాలీ ఇథిలీన్ పొర సుమారు 130 డిగ్రీల వద్ద కరుగుతుంది. మొదట రంధ్రాలు మూసుకుని ప్రవాహాన్ని ఆపజూస్తుంది. వేడి ఇంకా పెరిగితే పొర ముడుచుకుని, రేకులు మరింతగా కలిసి, నిప్పు ఆగదు. సూది ఆ పొరను తాకకపోయినా, చిల్లుపడిన సంచిలోకి తేమ చేరుతుంది. ఆ తరువాతి విషవాయువు సంగతి చెప్పనే చెప్పాము.

ఇట్టి సెల్‌ను ఏం చేయవలెను? చార్జి ఆపవలెను. నొక్కరాదు, వంచరాదు, పొడవరాదు. కాగితాలకూ బట్టలకూ దూరంగా, ఇసుక పోసిన లోహపు పాత్రలో ఉంచి, వ్యర్థ బ్యాటరీలను సేకరించేవారికి అప్పగించవలెను. పొగ వస్తే పీల్చరాదు. అక్కడి నుండి మనుషులను తప్పించవలెను. ఇంత చిన్న పాఠం. ఇది ఒక్క కుటుంబానికి చేరినా మేలే.

దీనికి కొందరు మూడు అభ్యంతరాలు చెప్పవచ్చును. వానిని పరిశీలించుట న్యాయం.

మొదటిది: ఇది ఇంజనీరింగ్ కళాశాలల పని, ఐఐటీల పని, డిగ్రీ కళాశాలకెందుకు? తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుండి ఉన్నది. 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చినవి. అక్కడ కొత్త పదార్థాల మీద పరిశోధన జరుగుతుంది, జరగవలెను. కాని కర్మాగారంలో పూత మందం కొలిచేవారు, అంచు వెడల్పు సరిచూసేవారు, లోపమున్న సెల్‌ను వేరుచేసేవారు పరిశోధకులు కారు. సాధారణ పట్టభద్రులు, డిప్లొమా చదివినవారు. మన విద్యార్థినులు, విద్యార్థులు ఆ పనికి పోయినప్పుడు తాము చూస్తున్నది ఏమిటో తెలిస్తే మెట్టు పైకెక్కుతారు. తెలియకపోతే పళ్లాలు మోసి తిరిగి వస్తారు. కర్మాగారం మన వాకిట ఉన్నంతమాత్రాన ఉద్యోగం మన ఇంటికి రాదు.

రెండవది: ఇది ప్రమాదకరమైన విషయం, ప్రయోగశాలలో సెల్‌లు విప్పితే ఎవరు బాధ్యులు? నిజమే. కాబట్టి సెల్‌ను విప్పనక్కరలేదు, విప్పరాదు కూడా. రాగిరంగు కాగితం, వెండిరంగు కాగితం, వాని నడుమ పలుచని ప్లాస్టిక్ పొరలతో బల్ల మీద మూరెడు పొడవు నమూనా చేయవచ్చును. అంచుల తేడా, చుట్టే విధం, నాలుకల అతుకు – అన్నిటినీ చేతితో చేసి చూపవచ్చును. విద్యార్థి స్వహస్తాలతో చుట్టిన కాగితపు సెల్ అతనికి పది ఉపన్యాసాల పెట్టు.

మూడవది: మన భాషలలో ఈ శాస్త్రానికి మాటలెక్కడివి? ఈ అభ్యంతరం మన ప్రాంతంలో వినిపించడమే విచారకరం. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనది. అంతకు ముందటి ఏడాదే దానికోసం అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడి శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చింది. ధన, ఋణ అనుటకు ముస్బత్, మన్ఫీ అనే మాటలూ, విద్యుద్విశ్లేషణ అనుటకు బర్క్ పాషీదగీ అనే మాటా ఉన్నవి. తెలుగులో కూడా మాటలకు కొదవ లేదు. లేనిచోట సెల్, సెపరేటర్, చార్జి అనే మాటలను బజారు ఏనాడో మనకిచ్చింది; వానిని వాడుకొనుటలో నామోషీ లేదు. మాటలు లేక పాఠం ఆగలేదు. చెప్పే సంకల్పం లేక ఆగింది.

ఇంకొక్క మాట. ఈ సెల్ చరిత్రలో గొప్ప పేర్లు ఒక్క దేశానివీ, ఒక్క జాతివీ కావు. 1980లో కోబాల్ట్ ఆక్సైడ్ ధనధ్రువాన్ని కనిపెట్టిన జాన్ గుడెనఫ్, ఆయనతో స్టాన్లీ విటింగ్‌హామ్, జపాన్‌కు చెందిన అకిరా యోషినో 2019లో నోబెల్ బహుమతి పొందారు. సోనీ కంపెనీ 1991లో తొలి లిథియం అయాన్ సెల్‌ను విపణికి తెచ్చింది. వీరితోపాటు మన విద్యార్థులు తెలుసుకోవలసిన పేరు మరొకటి ఉన్నది. మొరాకో దేశపు ఫెజ్ నగరంలో జన్మించిన రషీద్ యజామీ, ఫ్రాన్స్‌లో పరిశోధన చేస్తూ, లిథియం గ్రాఫైట్ పొరలలో చేరి తిరిగి రాగలదని 1980ల తొలినాళ్లలో నిరూపించాడు. నేడు మన చేతుల్లోని సెల్ ఋణధ్రువం ఆ బాటలో వచ్చినదే. 2014లో గుడెనఫ్, యోషినోలతోపాటు ఆయనకూ అమెరికా ఇంజనీరింగ్ అకాడమీవారి డ్రేపర్ బహుమతి లభించింది. శాస్త్రం మనది కాదనుకునే పిల్లవానికి ఈ ఒక్క పేరు చెప్పినా అతని వెన్ను నిటారుగా నిలుస్తుంది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నాలుగు విన్నపాలు. ఒకటి, రసాయన, భౌతిక శాస్త్ర శాఖలు కలిసి సెల్ నిర్మాణం మీద ఒక చిన్న కోర్సును తెలుగు, ఉర్దూ భాషలలో సిద్ధం చేయవలెను. రెండు, సాయంకాలాలలో ఆ పాఠాన్ని ఊరి మరమ్మతు దుకాణాలవారికి రుసుము లేకుండా చెప్పవలెను. ప్రతిగా ఆ ఉస్తాదులను పిలిచి, చేతిపనిని మన విద్యార్థులకు నేర్పించవలెను. గురుశిష్య స్థానాలు వారానికొకసారి తారుమారైతే ఉభయులకూ లాభమే. మూడు, కళాశాల ఆవరణలో పాత బ్యాటరీలకు ప్రత్యేకమైన, భద్రమైన పెట్టె ఉంచవలెను. 2022లో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద ఉంచినవి. మనం కూడబెట్టి అప్పగిస్తే చాలు. నాలుగు, ఏడాదికొకసారి విద్యార్థులను సమీప కర్మాగారాల సందర్శనకు తీసుకుపోవుటకు యాజమాన్యాల అనుమతి కోరవలెను. వీనిలో ఏదీ లక్షలు కోరే పని కాదు. కాగితం, బంక, కొన్ని సాయంకాలాలు, కొంత పట్టుదల.

విద్యార్థి సోదర సోదరీమణులారా! రాయలసీమ నీటికి కరవు నేల కావచ్చు, నేర్పుకు కరవు నేల కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో ఒక రంగు మీద మరొక రంగును ఏ వరుసలో ఎక్కించవలెనో తెలిసిన చేతులు మనవి. పొర మీద పొర పేర్చి, ఒక్క అంచు కూడా తప్పకుండా కట్టవలసిన ఈ సెల్ విద్య అట్టి చేతులకు పరాయిది కాదు. కావలసినదల్లా ఆ చేతులకు కారణం తెలియజెప్పడం. ఆ పని పాఠశాలలు, కళాశాలలు చేయవలసినది. ఉబ్బిన సెల్ మీదికి సూది ఎత్తిన ఒక్క యువకుని చేయి, మన తరగతిలో విన్న ఒక్క మాట వలన ఆగినా, మన కళాశాల ఆ ఏడాది సార్థకమైనట్లే.